జీతం తప్పదు, హైక్ రాదు: పెద్ద ఐటీ సర్వీసెస్ కంపెనీ ఉద్యోగంపై సమీక్ష

ఇది హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక పెద్ద సర్వీసెస్ కంపెనీ మీద, చాలా ఏళ్ళు అందులో పనిచేశాక రాస్తున్న సమీక్ష. పేరు రాయడం లేదు. గేటు మీద బోర్డు మార్చినా ముప్పాతిక వంతు ఇలాగే ఉంటుంది. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముకునే కంపెనీలకీ, విదేశీ బ్యాంకులు ఇక్కడ పెట్టుకున్న సొంత సెంటర్లకీ ఇది అంతగా వర్తించదు. క్లయింటుకి మనుషుల్ని కేటాయించి, వాళ్ళ గంటలకి డాలర్లలో బిల్లు వేసే కంపెనీల సంగతి ఇది. ఇక్కడ నచ్చేవీ నచ్చనివీ దాదాపు అన్నీ ఆ బిల్లు దగ్గరే తేలతాయి. బిల్లింగ్‌లో ఉన్నవాడికి కనపడే కంపెనీ వేరు, లేనివాడికి కనపడే కంపెనీ వేరు.

ముందు నచ్చేది. జీతం నెలాఖరు పనిదినాన పడిపోతుంది. పీఎఫ్ మరుసటి నెల 15లోపు జమ అవుతుంది. కోసిన పన్నుకి ధ్రువపత్రమైన ఫామ్ 16 జూన్ మధ్యకల్లా వచ్చేస్తుంది. ఇందులో గొప్పేముంది అనిపిస్తే, జీతాలు రెండేసి నెలలు ఆగిపోయే చిన్న కంపెనీల్లోంచి వచ్చినవాళ్ళని అడగాలి. పీఎఫ్ కోసేసి కట్టకుండా వదిలేసే చోట్లు కూడా ఉన్నాయి. హోమ్ లోన్‌కి వెళితే బ్యాంకువాళ్ళు కంపెనీ పేరు వినగానే పేస్లిప్‌లూ ఫామ్ 16 తీసుకుని ఫైలు కదుపుతారు.

చిక్కంతా ఆ జీతం ఎంత అన్న దగ్గర. ఆఫర్ లెటర్‌లో కనిపించే సీటీసీని, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుని, 12తో భాగించి, అంతా చేతికి వస్తుందనుకుని చేరేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 12 లక్షల ఆఫర్‌ని విప్పి చూద్దాం. బేసిక్ (మూల వేతనం) 40 శాతం, అంటే నెలకి 40 వేలు. కంపెనీ కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, ఏడాదికి 57,600. ఐదేళ్ళు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద చూపించేది బేసిక్‌లో 4.81 శాతం, 23,088. వేరియబుల్, అంటే ఫలితాల్ని బట్టి ఇచ్చే భాగం, 10 శాతం, 1,20,000. ఇన్సూరెన్స్ ప్రీమియం 12 వేలు. ఇవన్నీ సీటీసీ లోపలివే. తీసేస్తే మిగిలేది 9,87,312, నెలకి 82,276. అందులోంచి మీ వాటా పీఎఫ్ 4,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 77,276. 2025–26 కొత్త పన్ను విధానంలో జీతగాళ్ళకి 12.75 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి అంతైనా మిగులుతుంది. లక్ష అనుకున్న చోట 77 వేలు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం, పీఎఫ్, గ్రాట్యుటీల కోసం లెక్కించే వేతనం మొత్తం జీతంలో సగానికి తగ్గకూడదు. ఇదే ఆఫర్‌లో బేసిక్‌ని 50 శాతం చేస్తే చేతికి వచ్చేది 74,395. తగ్గిన డబ్బు ఎక్కడికీ పోదు, పీఎఫ్, గ్రాట్యుటీల్లోకి చేరుతుంది. కానీ అద్దె, ఈఎంఐ కట్టుకోవాల్సింది చేతికొచ్చే దాంట్లోంచే కదా. అందుకే హెచ్‌ఆర్‌ని అడగాల్సింది సీటీసీ కాదు, వేరియబుల్ తీసేసిన నెలవారీ టేక్‌హోమ్. మెయిల్‌లో అడిగితే రాసి ఇస్తారు. ఫోన్‌లో అడిగితే “ఆల్మోస్ట్ అంతే అండీ” అంటారు.

వేరియబుల్ లెక్క మరీ ముదురు. మూడు నెలలకోసారి ఇస్తారు. కంపెనీ ఫలితం, యూనిట్ ఫలితం, మీ రేటింగ్ మూడింటినీ ఒకదానితో ఒకటి గుణిస్తారు. పై ఆఫర్‌లో క్వార్టర్‌కి 30 వేలు. కంపెనీ 0.8, యూనిట్ 0.9, మీరు 1 అనుకుంటే వచ్చేది 21,600. మీరు చేయగలిగినదంతా చేసినా ఇంతే. కూడిక కాకుండా గుణకారం పెట్టడంలోనే ఉంది మతలబంతా, ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నా. జాయినింగ్ బోనస్‌కి ఇంకో మెలిక ఉంది. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్ళకి లక్ష బోనస్‌లో పన్ను పోను చేతికొచ్చేది 68,800, వెనక్కి అడిగేది మాత్రం పూర్తి లక్ష.

పీఎఫ్‌లో చాలామంది చూడని గడి ఒకటుంది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత తొలిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే బేసిక్ 15 వేలు దాటినవాళ్ళకి పెన్షన్ వాటా ఉండకూడదు. పేరోల్‌వాళ్ళు అలవాటుగా నెలకి 1,250 పెన్షన్ ఖాతాకి పంపేస్తే ఏళ్ళ తరబడి ఎవరూ గమనించరు. కంపెనీ మారి బదిలీ పెట్టినప్పుడు బయటపడుతుంది. అప్పుడు పాత కంపెనీ చుట్టూ తిరగాలి. చేరిన రెండో నెలలోనే పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి మూడో కాలమ్‌లో పెన్షన్ వాటా చూసుకుంటే హెచ్‌ఆర్‌కి ఒక్క ఫిర్యాదు టికెట్‌తో సరిపోతుంది.

ఉద్యోగుల్ని ఇక్కడ కట్టిపడేసేది జీతం కంటే ఇన్సూరెన్స్. ఇది బయటివాళ్ళకి అంత తేలిగ్గా అర్థం కాదు. బీపీ, షుగర్, ఎప్పుడో పడిన స్టెంటు ఉన్న అమ్మానాన్నలకి బయట పాలసీ తీసుకోబోతే ప్రీమియం చూసి కళ్ళు తిరుగుతాయి, పైగా పాత జబ్బులకి ఏళ్ళ తరబడి వెయిటింగ్. గ్రూప్ పాలసీలో మొదటి రోజు నుంచే కవర్. ప్రీమియం మన జీతంలోంచే కోస్తారు, అయినా లాభమే. కానీ తల్లిదండ్రుల్ని చేర్చడానికి రెండే అవకాశాలు: చేరిన కొత్తలో ఇచ్చే గడువు, ఏటా వచ్చే రెన్యూవల్ గడువు. ఆ గడువు చెప్పే మెయిల్ ప్రాజెక్టు మెయిళ్ళ కింద పడిపోతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. పెళ్ళైతే భార్యనో భర్తనో, బిడ్డ పుడితే బిడ్డనో 30 రోజుల్లో పోర్టల్‌లో ఎక్కించాలి.

దెబ్బ తినేది రూమ్ రెంట్ దగ్గర. 5 లక్షల పాలసీకి రోజుకి 1 శాతం, అంటే 5 వేల పరిమితి. ఆస్పత్రి డెస్క్ దగ్గర “ఇన్సూరెన్స్ ఉంది కదా” అని 10 వేల గది తీసుకుంటారు. పైన పడే 5 వేలు మనమే కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. అలా ఉండదు. గది స్థాయిని బట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీలు పెరుగుతాయి కాబట్టి వాటిలో కూడా సగమే ఇస్తారు. 3 లక్షల బిల్లు తీసుకుందాం. నాలుగు రోజుల గది 40 వేలు, డాక్టరూ థియేటరూ కలిపి 1,60,000, మందులూ ఇంప్లాంట్లూ లక్ష. మందులు, ఇంప్లాంట్లకి ఈ కోత లేదు. వచ్చేది 20 వేలు, 80 వేలు, లక్ష కలిపి 2 లక్షలు. తల్లిదండ్రులకి 20 శాతం కో-పే (క్లెయిములో మనం కట్టుకోవాల్సిన వాటా) ఉంటే అందులోంచి ఇంకో 40 వేలు పోతాయి. జేబులోంచి 1,40,000. అదే 5 వేల గదిలో ఉండి ఉంటే ఈ కోతే ఉండదు, కో-పే ఒక్కటే మిగులుతుంది. అడ్మిషన్ అప్పుడే ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏ డెస్క్‌లో “మా ఎలిజిబుల్ రూమ్ కేటగిరీ ఏంటి?” అని అడిగి, ఆ కేటగిరీ గది రాయించుకోవాలి. ఉద్యోగం మానేసిన రోజుతో కవర్ కూడా ఆగుతుంది. కొత్త కంపెనీలో చేరడానికి పది రోజులు గ్యాప్ ఉంటే ఆ పది రోజులూ ఇంట్లో ఎవరికీ ఏమీ లేనట్టే. అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది, ఆఖరి పనిదినానికి ముందే దరఖాస్తు పెట్టాలి. ఈ ముక్క ఎగ్జిట్ మెయిల్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది.

ఇక పని. శుక్రవారం సాయంత్రం నాలుగయ్యేసరికి టైమ్‌షీట్ రిమైండర్లు మొదలవుతాయి. మొదట సిస్టమ్ మెయిల్, తర్వాత గ్రూపులో లీడ్ మెసేజ్, ఆఖరికి నింపనివాళ్ళ పేర్లతో ఎక్సెల్ షీటు. మిగతా ఏ విషయంలోనూ కనపడని ఈ తొందర దీనికెందుకంటే క్లయింటుకి వెళ్ళే బిల్లు టైమ్‌షీటే. అందులో రోజుకి 8 గంటలే రాయాలి, కాంట్రాక్టులో ఉన్నది అంతే. మీరు 11 గంటలు చేసినా రాసేది 8. ఇందులో పోయేది మూడు గంటలు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎనిమిదేసి గంటల్లో పని పూర్తయినట్టు రికార్డు ఉంటుంది కాబట్టి తర్వాతి సాఫ్ట్‌వేర్ రిలీజ్‌కి అదే మనుషులతో, అదే గడువుతో అంచనా వేస్తారు. ఓవర్‌టైమ్ ఎక్కడా కనపడదు, అందుకే తగ్గదు కూడా. పనులు నమోదుచేసే జిరా అనే టూల్‌లో ప్రతి టాస్క్‌కీ అసలు పట్టిన గంటలు రాసిపెట్టే టీముల్లో ఇది కొంచెం అదుపులో ఉంటుంది. స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) ప్లానింగ్‌లో చూపించడానికి ఒక అంకె దొరుకుతుంది కనుక.

సపోర్ట్ ప్రాజెక్టు అయితే వేరే బాధ. రొటేషన్‌లో వారం రోజులు ఆన్‌కాల్. పీ1 టికెట్, అంటే అత్యవసర సమస్య, పడితే 15 నిమిషాల్లో అందరూ కలిసే బ్రిడ్జ్ కాల్‌లోకి రావాలి. రాత్రి రెండింటికి లేచి, వీపీఎన్ కనెక్టయి, క్లయింటు వర్చువల్ డెస్క్‌టాప్ తెరుచుకునేసరికే పది నిమిషాలు పోతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఆన్‌కాల్ వారంలో ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేయరు, పాస్‌వర్డ్ గడువు ఆ వారంలో పడకుండా ముందే మార్చుకుంటారు. కొత్త కోడ్‌ని క్లయింటు వాడే సిస్టమ్‌లోకి ఎక్కించే ప్రొడక్షన్ డెప్లాయ్‌మెంట్లు శనివారం రాత్రే, అది క్లయింటుకి ఖాళీ సమయం. దానికి బదులు సెలవు, కాంప్ ఆఫ్ ఉంది, పేపరు మీద. నెలలోపు వాడకపోతే పోతుంది, వాడుకోబోతే “ఈ స్ప్రింట్ అయ్యాక చూద్దాం” అంటారు.

అమెరికా తూర్పు తీరం క్లయింటుకీ మనకీ శీతాకాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు తేడా. వాళ్ళ ఉదయం పదింటి కాల్ మనకి మార్చి రెండో ఆదివారం నుంచి రాత్రి ఏడున్నరకి, నవంబర్ మొదటి ఆదివారం నుంచి ఎనిమిదిన్నరకి. ఆ ఒక్క గంట భోజనాన్నీ, పిల్లల హోంవర్క్‌నీ మింగేస్తుంది. పశ్చిమ తీరం క్లయింటు అయితే అదే కాల్ శీతాకాలంలో పదకొండున్నరకి. సాయంత్రం ఆరింటికల్లా ఇంటికెళ్ళాలనుకునేవాళ్ళు ఇంటర్నల్ ఇంటర్వ్యూలో టెక్నాలజీ కంటే ముందు క్లయింటు ఏ ఊళ్ళో ఉన్నాడో అడగడం మేలు. యూరప్ ప్రాజెక్టులకి ఇక్కడ ఎప్పుడూ గిరాకీ ఉండేది అందుకే.

ఏ ప్రాజెక్టూ లేకుండా జీతం తీసుకునే కాలాన్ని బెంచ్ అంటారు, అది విశ్రాంతి అని కాలేజీ పిల్లలు అనుకుంటారు. మొదటి వారం అంతే. ఆ తర్వాత రోజూ ఆఫీసుకి రావాలి, శిక్షణ కోర్సులు పూర్తిచేసినట్టు చూపించాలి, రిసోర్స్ మేనేజ్‌మెంట్ వాళ్ళు ఏ ప్రాజెక్టుకి పంపితే దానికి ఇంటర్వ్యూ ఇవ్వాలి. రెండు మూడు కాదంటే పేరు పక్కన గుర్తు పడుతుంది, ఆపైన రాజీనామా మాట మెల్లగా వస్తుంది. ఇక్కడ అందరూ పట్టించుకోని చిన్న విషయం పోర్టల్‌లోని ప్రైమరీ స్కిల్ గడి. రిసోర్స్ టీమ్ రెజ్యూమెలు చదవదు, ఆ గడి మీద ఫిల్టర్ పెడుతుంది. ఫ్రెషర్‌గా చేరినప్పుడు మాన్యువల్ టెస్టింగ్ అని పడి అలాగే ఉండిపోతే, నాలుగేళ్ళు జావా చేసినా మీకు టెస్టింగ్ ప్రాజెక్టే చూపిస్తారు. మిమ్మల్ని ప్రాజెక్టు నుంచి వదిలే రిలీజ్ తేదీ తెలిసిన రోజే దాన్ని సరిచేసి, మేనేజర్ చేత అప్రూవ్ చేయించుకోవాలి. బెంచ్ మీదకొచ్చాక అప్రూవ్ చేసే మేనేజరే ఉండడు. బిల్లింగ్ లేకుండా టీములో కూర్చోబెట్టే షాడో పోస్టు వస్తే ఎన్ని నెలల్లో బిల్లింగ్ చేస్తారో మెయిల్‌లో రాయించుకోవాలి. ఏటా పనితీరుకి రేటింగ్ ఇచ్చే అప్రైజల్‌లో మొదట కిందకి జారేది షాడోలే.

అప్రైజల్ గురించి ఎవర్ని కదిపినా ఒకటే పాట. కానీ కోపం తప్పు మనిషి మీదకి పోతుంది. లీడ్ ఇచ్చిన రేటింగ్ అంతిమం కాదు. యూనిట్ మొత్తాన్ని ఒక వరసలో పెట్టి, పైన ఇంత శాతం, అడుగున ఇంత శాతం అని సర్దే సమావేశంలో మీ తరఫున మాట్లాడేది మీ మేనేజరో, ఆయన మేనేజరో. ఆయన చేతిలో మీ గురించి రెండు లైన్లుంటే రెండు లైన్లే చదువుతాడు. “ఇచ్చిన పని టైముకి చేశారు” అనే వాక్యం అక్కడ నిలవదు. “నెలకి సగటున ఇన్ని బ్యాచ్ జాబ్ ఫెయిల్యూర్లు ఉండేవి, ఆటోమేట్ చేశాక ఇన్నికి దిగాయి” అంటే నిలుస్తుంది. క్లయింటు మెచ్చుకుంటూ పంపిన మెయిల్‌ని సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేస్తే డేటా లీక్ కింద అలర్ట్ వెళుతుంది; అప్రైజల్ పోర్టల్‌లోనే అటాచ్ చేసి ఉంచాలి. ఏడాది మధ్యలో ప్రాజెక్టు మారితే పాత మేనేజర్ ఫీడ్‌బ్యాక్‌ని రిలీజ్ రోజే పోర్టల్‌లో పెట్టించాలి. లేకపోతే కొత్త మేనేజర్‌కి మీరు మూడు నెలల కిందట వచ్చినవాళ్ళు, ఆయన వేసేది నడిమి రేటింగే. ప్రసూతి సెలవు తీసుకుని వచ్చినవాళ్ళకి ఎక్కువగా జరిగే అన్యాయం ఇదే. 26 వారాల సెలవు చట్ట ప్రకారం వస్తుంది, ఆ విషయంలో కంపెనీ పేచీ పెట్టదు. తిరిగొచ్చేసరికి పాత ప్రాజెక్టులో సీటు ఉండదు, నేరుగా బెంచ్.

హైక్ సంగతి మాట్లాడుకునేంత లేదు. ఒకే అనుభవంతో బయటి నుంచి వచ్చినవాడికి మీకంటే ఎక్కువ ఉండటానికి కారణం వాడి ప్రతిభ కాకపోవచ్చు. హైక్ బడ్జెట్ యూనిట్ మొత్తం జీతాల మీద ముందే కట్టేసిన శాతం. కొత్తవాడి జీతం మాత్రం, సీటు ఖాళీగా ఉంటే పోయే బిల్లింగ్‌తో పోల్చి ఇచ్చేది. ఫ్రెషర్ల ప్యాకేజీ అయితే పదేళ్ళకు పైగా మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది, అమీర్‌పేట హాస్టల్ ఫీజులు మాత్రం అక్కడ ఆగలేదు.

ఆఫీసు సౌకర్యాల్లో పెద్దగా వంక పెట్టేది లేదు. ఫుడ్‌కోర్టులో పప్పూ చారూ ఉన్న మీల్స్ దొరుకుతుంది, ఏసీ ఎక్కువే. రాత్రి షిఫ్ట్ ఆడవాళ్ళకి క్యాబ్ ఖచ్చితంగా ఇస్తారు, మొదట ఎక్కేదీ ఆఖర్న దిగేదీ మహిళే అయితే ఎస్కార్ట్ ఉంటాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం నిజంగా నిక్కచ్చిగా ఉంటారు. రోస్టర్ గడువు దాటితే క్యాబ్ రాదు, యాప్‌లో ముందు రోజే వేసుకోవాలి. పగటి షిఫ్ట్‌వాళ్ళ తిప్పలు వాళ్ళవే. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది. ఎల్బీనగర్ నుంచి వచ్చేవాళ్ళు అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా హాయిగా వచ్చి, అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి షేర్ ఆటో కోసమో బస్సు కోసమో నిలబడతారు. వారానికి మూడు రోజులు ఆఫీసు తప్పనిసరి, స్వైప్ గంటలు డాష్‌బోర్డులో లెక్కపెడతారు. తీరా వస్తే టీములో సగం మంది చెన్నైలోనూ పుణెలోనూ ఉంటారు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే కాల్ అక్కడ కూర్చుని మాట్లాడాలి.

నేర్చుకోవడానికి డబ్బులిస్తారు. ఏడబ్ల్యూఎస్, అజూర్ లాంటి క్లౌడ్ సర్టిఫికెట్ల పరీక్ష ఫీజు తిరిగి ఇస్తారు, పాసైతేనే. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కోస్తారు. అయితే సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ప్రాజెక్టులో ఆ పని దొరకదు. క్లయింటు దగ్గర ఇరవై ఏళ్ళ నాటి కోడ్ నడుస్తుంటే మీరు దాన్నే కాపాడాలి. ఏఐ కోడింగ్ టూల్స్ కూడా క్లయింటు ఒప్పుకుంటేనే. ఆన్‌సైట్, అంటే క్లయింటు దేశంలో పని, ఆశతో చేరేవాళ్ళు ఇప్పుడు ఇంకోసారి ఆలోచించాలి. అమెరికా వర్క్ వీసా హెచ్1బీ కోటా ఏడాదికి 85 వేలే, లాటరీ. దాని మీద 2025 సెప్టెంబర్‌లో అమెరికా బయటి నుంచి వేసే కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. గంటకి పాతిక ముప్పై డాలర్లు బిల్లయ్యే మనిషి మీద ఆ రుసుము కట్టే మేనేజర్ దొరకడం కష్టం.

ఇక బయటపడటం. నోటీసు 90 రోజులు. మీ స్థానంలో మనిషిని వెతికి, క్లయింటు ఇంటర్వ్యూ చేయించి, యాక్సెస్ ఇప్పించేదాకా బిల్లింగ్ ఆగకూడదు కాబట్టి అన్ని రోజులు. రిక్రూటర్లు మాత్రం “సర్వింగ్ నోటీసా అండీ? 30 రోజుల్లో రాగలరా?” అని అడుగుతారు. చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా పెట్టే అలవాటు పుట్టింది ఇక్కడే. పెట్టేముందు అపాయింట్‌మెంట్ లెటర్‌లో మూడు వాక్యాలు చదవాలి. బైఅవుట్ (నోటీసు రోజులకి బదులు డబ్బు కట్టడం) బేసిక్ మీదా, మొత్తం నెల జీతమైన గ్రాస్ మీదా? పై ఉదాహరణలో నెలకి 40 వేలా, 82 వేలా అన్న తేడా అది. బైఅవుట్ మీ హక్కా, మేనేజర్ ఒప్పుకుంటేనేనా? సాధారణంగా రెండోదే. నోటీసులో సెలవు పెడితే ఆఖరి తేదీ జరుగుతుందా? ఎక్కువసార్లు జరుగుతుంది, కొత్త కంపెనీ జాయినింగ్ తేదీ చెప్పాక జ్వరం వచ్చినా చిక్కే. ఇంకొకటి: వేరియబుల్ చెల్లించే తేదీన నోటీసులో ఉన్నవాళ్ళకి అది ఇవ్వరు. చెల్లింపు ఖాతాలో పడ్డ మర్నాడు రాజీనామాలు ఎక్కువగా పడటానికి కారణం వేరే ఏమీ లేదు. నాలుగేళ్ళు దాటి ఐదో ఏడు నడుస్తున్నవాళ్ళు గ్రాట్యుటీ తేదీ కూడా చూసుకోవాలి. ఆఖరి బేసిక్ 40 వేలు, ఐదేళ్ళు అయితే 40,000ని 26తో భాగించి, 15తో, 5తో గుణిస్తే 1,15,384. రెండు నెలల తొందరకి ఇంత వదులుకోవడం దండగ.

ఆఖరి రోజు ల్యాప్‌టాప్, ఐడీ కార్డు ఇచ్చి ఎక్నాలెడ్జ్‌మెంట్ స్లిప్ ఫోటో తీసి పెట్టుకోవాలి. చార్జర్ రాలేదని ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోసిన సందర్భాలున్నాయి. కొత్త వేతన కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్ళకి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి, కంపెనీ పాలసీ పేజీలో మాత్రం ఇంకా 45 రోజులనే ఉంది. పేస్లిప్‌లు, ఫామ్ 16లు, హైక్ లెటర్లు అన్నీ ఐడీ పనిచేస్తున్నప్పుడే దించుకోవాలి, సాయంత్రం ఆరుకల్లా లాగిన్ పోతుంది. రిలీవింగ్ లెటర్‌లోని ఆఖరి తేదీ, పీఎఫ్ సర్వీస్ హిస్టరీలోని తేదీ ఒకటే ఉండాలి. కొత్త కంపెనీ వెరిఫికేషన్‌వాళ్ళు మొదట చూసేది అదే, ఒక్క రోజు రెండు కంపెనీల్లో ఉన్నట్టు కనపడినా వివరణ అడుగుతారు. పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ ఎక్కించకపోతే, ఆఖరి జమ పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ వాళ్ళ యూఏఎన్ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. ఒకసారి వేశాక మార్చడం చాలా కష్టం, కాబట్టి రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని వేయండి.